దోమల చేప గంబూషియా: అపోహలు – వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా పడుతుంది. ఎవరో ఒక ప్రజాప్రతినిధి చెరువు గట్టున నిలబడి బకెట్లోంచి చిన్న చేపల్ని నీళ్లలోకి వంపుతుంటారు. ‘దోమల నివారణకు గంబూషియా’ అని కింద రాసి ఉంటుంది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో కోటి దాకా ఈ చేపల్ని వదిలినట్టు వార్తలొచ్చాయి. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ ఈ చేప విషయంలో మనకు తెలిసింది తక్కువ, నమ్మేది ఎక్కువ.

అపోహ: ఇది మన చెరువుల్లో పాతకాలం నుంచీ ఉన్న చేపే.

వాస్తవం: కాదు. దీని పుట్టిల్లు అమెరికా దక్షిణ ప్రాంతం. మిసిసిపీ పరీవాహకంలోనూ, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలిసే ఇతర నదుల్లోనూ బతికే చేప ఇది. నది నడిమధ్య వడిలో ఉండదు. నీరు నెమ్మదిగా కదిలే మడుగులు, నాచు పట్టిన ఒడ్డులు, మోకాలి లోతు కూడా లేని పక్క నీళ్లు దీనికి ఇష్టం. దోమల్ని, మలేరియాను అదుపు చేసేందుకు ప్రభుత్వాలు దీన్ని దేశదేశాలకు తీసుకెళ్లాయి. 1905లో టెక్సస్ నుంచి హవాయికి వెళ్లింది. 1920ల్లో ఐరోపాకు చేరింది. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి వచ్చింది.

చాలామంది దీన్ని గప్పీ అనుకుంటారు. రంగురంగుల తోకతో అక్వేరియంలో తిరిగేది గప్పీ, అది దక్షిణ అమెరికా చేప. గంబూషియాకు అంత సోకు లేదు, ఒంటినిండా బూడిద రంగే. మగది మూడు, నాలుగు సెంటీమీటర్లు దాటదు. ఆడది దాదాపు దానికి రెట్టింపు ఉంటుంది, కడుపుతో ఉంటే పొట్ట వెనక భాగాన నల్ల మచ్చ కనిపిస్తుంది. రెండూ ఒకే కుటుంబానివి, రెండూ మనవి కావు.

అపోహ: దీని తిండి దోమ లార్వాలే. రోజుకు వందల కొద్దీ తినేస్తుంది.

వాస్తవం: లార్వాలను తినే మాట నిజమే. దీని తల పైభాగం చదునుగా, నోరు పైకి తిరిగి ఉంటుంది. ఊపిరి కోసం నీటి పైకి వచ్చే లార్వాను అందుకోవడానికి అచ్చంగా సరిపోయిన నోరు. రోజుకు వంద నుంచి మూడు వందలు తింటుందని తరచూ చెప్పే లెక్క, వేరే తిండి ఏదీ లేని తొట్టెకు వర్తిస్తుందేమో. చెరువులో దానికి ఎంచుకునే వీలుంది. అక్కడ నీటిలో తేలే సూక్ష్మ జంతువులు, పురుగులు, కప్ప గుడ్లు, తోకకప్పలు, ఇతర చేపల పిల్లలు అన్నీ దానికి ఆహారమే.

ఇక్కడే తిరకాసు ఉంది. తూనీగ పిల్లలు నీటిలోనే పెరుగుతాయి, అవి దోమ లార్వాలను తింటాయి. వెల్లకిలా ఈదే నీటి నల్లులూ అంతే. గంబూషియా వీటినీ వదలదు. అంటే దోమకు ఉన్న పాత శత్రువుల్ని కొత్త శత్రువు తగ్గిస్తుందన్నమాట. 1972లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. గంబూషియాను వదిలిన కొలనుల్లో, నాచును మేసి నీటిని తేటగా ఉంచే సూక్ష్మ జంతువులు తగ్గిపోయి, నీరు పచ్చబడింది.

అపోహ: వేలెడంత చేప, ఏం హాని చేస్తుంది?

వాస్తవం: హాని దాని సైజులో లేదు, సంతానంలో ఉంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. మూడు నాలుగు వారాలకొక కాన్పు, కాన్పుకు కొన్ని పదుల పిల్లలు. వెచ్చని నీటిలో ఆ పిల్లలు నెలా, నెలన్నరకే తల్లులు కాగలవు. మగచేప వీర్యాన్ని ఆడది నెలల తరబడి కడుపులో దాచుకోగలదు. కాబట్టి ఒక్క ఆడచేప చాలు, చెరువంతా నిండడానికి. ఎండలకు కాగిన నీరు, ప్రాణవాయువు తగ్గిన నీరు, కాస్త ఉప్పు కలిసిన నీరు, అన్నిటినీ తట్టుకుంటుంది. తనకన్నా పెద్ద చేపల రెక్కల్ని కూడా కొరుకుతుంది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో కొన్ని ఊట మడుగుల్లో మాత్రమే బతికే రెడ్‌ఫిన్డ్ బ్లూఐ అనే చిట్టి చేప దాదాపు అంతరించే దశకు రావడానికి గంబూషియా ప్రధాన కారణం. ప్రపంచంలోని నూరు ప్రమాదకర చొరబాటు జీవుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని చేర్చింది. అదే చేపకు రష్యాలోని సోచీలో విగ్రహం కూడా ఉంది! అక్కడ మలేరియాను తరిమిందన్న కృతజ్ఞతతో పెట్టారు. ఒకచోట జేజేలు, మరోచోట నిషేధం.

అపోహ: చేపలు వేస్తే మలేరియా తగ్గుతుందని రుజువైంది.

వాస్తవం: లార్వాలు తగ్గినట్టు కొన్ని అధ్యయనాలు చూపించాయి. లార్వాలు తగ్గడం వేరు, జ్వరాలు తగ్గడం వేరు. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2013లో ఒకసారి, 2017లో మరోసారి ఈ విషయాన్ని పరిశీలించింది. చేపల వల్ల మలేరియా కేసులు తగ్గాయని నమ్మదగ్గ రీతిలో చూపిన అధ్యయనం దానికి ఒక్కటీ దొరకలేదు.

అపోహ: చెరువులో గంబూషియా ఉంటే ఊళ్లో డెంగీ రాదు.

వాస్తవం: అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. డెంగీని మోసే ఏడిస్ దోమ చెరువు దోమ కాదు, ఇంటి దోమ. కూలర్ అడుగు నీళ్లు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్లెం, మేడ మీది పాత టైరు, తాగి పారేసిన కొబ్బరి బోండాం, మూతలేని సంపు, వీటిలో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు నీరెండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. బోండాంలో చేపను ఎవరు వేస్తారు? ఏ మున్సిపాలిటీ ఎన్ని లక్షల చేపలు వదిలినా ఆ పళ్లేన్ని వంపాల్సింది ఇంట్లోవాళ్లే.

అలాగని గంబూషియాను పూర్తిగా పనికిరాదనడం న్యాయం కాదు. వాడని బావి, ఫౌంటెన్ తొట్టె, నిర్మాణాల దగ్గర నీళ్లు నిల్వచేసే సిమెంటు ట్యాంకు లాంటి చోట్ల, ఆ నీరు చెరువుకో కాలువకో పొంగిపోయే దారి లేకపోతే, అది తన పని తాను చేస్తుంది. వేరే జీవులున్న చెరువులో, కుంటలో, వాగులో వేయడమే తప్పు. అక్కడ లార్వాలు తినే చేపలు మనకే ఉన్నాయి. తల మీద వెండి చుక్కతో నీటి పైపొరలోనే తిరిగే ఆప్లోకీలస్ ఉంది, మనం పులుసు పెట్టుకునే చిన్న చితకా పరకలూ ఉన్నాయి. చెరువులోకి మురుగు వదలకుండా, ఒడ్డును పూడ్చకుండా చూస్తే చాలావరకు అవే చూసుకుంటాయి.

మీ వీధి చెరువులో చేపలు వదలడానికి ఎవరైనా బకెట్‌తో వస్తే అవి ఏ చేపలో అడగండి. అక్వేరియంలో ఎక్కువైన గప్పీలనూ కాలువలో పోయకండి. ప్రతి శుక్రవారం డ్రై డే పాటించమని ఆరోగ్య కార్యకర్తలు చెబుతున్నది ఊరికే కాదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు వంపేసి, గుడ్లు అంటుకునే గోడల్ని గట్టిగా తోమితే ఏ చేపతోనూ పని లేదు.