బండికి ఎక్స్‌ట్రా లైట్లు: ఆర్డర్ వేసే పని స్విచ్‌ది, కరెంట్ మోసే పని రిలేది

ఒక మోస్తరు ఇయర్‌బడ్స్ కొనే డబ్బుతో ఇప్పుడు ఎల్ఈడీ లైట్ బార్ వచ్చేస్తోంది. పెట్టెలో లైటు ఉంటుంది, రెండు బ్రాకెట్లు ఉంటాయి, ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు ఉంటాయి. ఆ రెండు వైర్లు బండిలో ఎక్కడ కలపాలన్నది మాత్రం చాలా పెట్టెల మీద సరిగ్గా రాసి ఉండదు. ఈ ఆర్టికల్‌లో అదే చూద్దాం.

అనంతపురం వైపు ఈ లైట్లు షోకు కోసమే పెట్టుకుంటారనుకుంటే పొరపాటు. 44వ నంబర్ జాతీయ రహదారి దిగి కళ్యాణదుర్గం, ఉరవకొండ, రాయదుర్గం పల్లెల్లోకి తిరిగితే వీధి దీపాలు ఉండవు. రోడ్డు పక్కన గొర్రెల మందలు, వెనక రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రాలీలు, కాస్త గాలి వీస్తే లేచే ఎర్ర దుమ్ము. రాత్రి పూట బోరు మోటారు దగ్గరికి పోయేవాళ్లకు మంచి లైటు నిజంగా అవసరం. అందుకే ఈ పని తప్పుగా చేస్తే పోయేది లైటు ఒక్కటే కాదు. చీకట్లో హెడ్‌లైట్లు ఆరిపోవచ్చు, వైరు కాలొచ్చు, ఎదురుగా వచ్చేవాడికి కళ్లు కనిపించకుండా పోవచ్చు.

మొదట ఒక్క విషయం అర్థం చేసుకోండి

మీ ఫోన్ పవర్ బటన్ గురించి ఆలోచించండి. బ్యాటరీ కరెంట్ మొత్తం ఆ చిన్న బటన్ గుండా పోదు. బటన్ లోపలి చిప్‌కి "ఆన్ చెయ్" అని చెబుతుంది, అంతే. అసలు కరెంట్‌ని నడిపించేది ఆ చిప్. బండిలో స్విచ్‌ని కూడా ఇలాగే వాడాలి. స్విచ్ ఆర్డర్ వేస్తుంది. బ్యాటరీ నుంచి లైటుకు కరెంట్ వేరే దారిలో, ఫ్యూజ్, రిలే దాటుకుని పోతుంది.

కంపెనీలు కూడా ఇదే చేస్తాయి. 2018 మోడల్ నుంచి వచ్చిన జీప్ రాంగ్లర్ జేఎల్‌లో యాక్సెసరీల కోసమే నాలుగు స్విచ్‌ల ఆప్షన్ ఉంది. వాటిలో రెండు 40 ఆంపియర్లవి, రెండు 15 ఆంపియర్లవి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేయాలా, ఎప్పుడూ పనిచేయాలా అన్నది స్క్రీన్ మీదే సెట్ చేసుకోవచ్చు. ఏ స్విచ్‌కి ఎంత లోడ్ అన్నది కంపెనీయే ముందుగా తేల్చి, ఫ్యూజులూ వైర్లూ దానికి తగ్గట్టు వేసి ఇస్తుంది.

మన దగ్గర తిరిగే బండ్లలో చాలావాటికి ఈ సౌకర్యం లేదు. మనకు దొరికేవి మూడు: డ్యాష్‌బోర్డ్ మీద ఖాళీగా వదిలిన స్విచ్ బ్లాంకులు, ఫాగ్ ల్యాంప్ స్విచ్, 12 వోల్టుల సాకెట్. మూడూ ఒకటి కాదు.

బ్లాంక్ అంటే ఖాళీ మూత. కొన్ని వేరియంట్లలో దాని వెనక వైరింగ్ ఉంటుంది, చాలావాటిలో ఏమీ ఉండదు. విప్పి చూడకుండా నమ్మొద్దు. ఫాగ్ ల్యాంప్ స్విచ్‌ని ఫాగ్ ల్యాంపులకు ఎంత కరెంట్ కావాలో అంతకే తయారు చేస్తారు. సాకెట్ మూత మీద సాధారణంగా 120 వాట్లు అని రాసుంటుంది. అది టైర్ల గాలి పంపు లాంటివాటికి సరిపోతుంది, శాశ్వతంగా లైట్లు కలపడానికి కాదు.

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కార్ల లాంటి కొత్తతరం బండ్లలో ఇంకో సంగతి ఉంది. స్టీరింగ్ పక్క కాడ తిప్పితే ఆ సిగ్నల్ బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటర్‌కి పోతుంది. ఏ లైటు ఎంత కరెంట్ తీసుకుంటుందో అది గమనిస్తూ ఉంటుంది. ఆ వైరు కోసి అదనపు లైటు అతికిస్తే డ్యాష్‌బోర్డ్ మీద వార్నింగ్ రావచ్చు, లేదా ఆ మాడ్యూలే దెబ్బతినొచ్చు. వైరు కోసిన చోట వారంటీ క్లెయిమ్ కూడా కష్టమవుతుంది.

హెడ్‌లైట్ వైరుకు కలిపితే ఏమవుతుంది?

లెక్క సింపుల్. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. మామూలు హాలోజన్ బల్బు హై బీమ్ 60 వాట్లు. రెండు కలిపి 120 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు. అదే వైరుకు ఇంకో 120 వాట్ల బార్ అతికిస్తే 20 ఆంపియర్లు. కరెంట్ రెండింతలైతే వైరులో పుట్టే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. అదీ ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, ఇంజన్ వేడి పక్కనే.

మొదట ఫ్యూజ్ పోతుంది. లోడ్ అంతా దాని మీదే ఉంటే ఒరిజినల్ హెడ్‌లైట్లు కూడా దాంతోపాటే ఆరిపోతాయి. అప్పుడు చాలామంది చేసే పని, పెద్ద ఫ్యూజ్ వేయడం. ఫ్యూజ్ ఉన్నది లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. 10 ఆంపియర్ల చోట 30 వేస్తే ఇక ముందుగా కాలేది వైరే.

మా బంధువుల పికప్ బండి డ్యాష్ విప్పినప్పుడు నేను చూసింది ఇదే. ఎవరో హెడ్‌లైట్ వైరు తొక్క గీకి, కొత్త వైరు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. ఫ్యూజ్ లేదు. ఎండకు టేపు జిగురు కరిగి జారిపోయింది, రాగి తీగ బయటికి కనిపిస్తోంది. బాడీ ఇనుముకు అరంగుళం దూరంలో ఉంది. ఆ బండి రోజూ రాత్రి పొలానికి పోతుండేది.

సరైన వైరింగ్ ఇలా

ఆటో షాపులో నాలుగు కాళ్ల రిలే అడగండి. కాళ్ల మీద నంబర్లు ఉంటాయి: 30, 87, 85, 86. లోడ్ 30, 87 గుండా పోతుంది. 85, 86 లోపలి కాయిల్‌వి. ఆ కాయిల్‌కి దాదాపు 0.15 నుంచి 0.2 ఆంపియర్ చాలు. అంటే 10 ఆంపియర్ల లైటును నడిపిస్తున్నా, స్విచ్ మీద పడే భారం అందులో యాభయ్యో వంతే.

మొదట బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. తర్వాత వరసగా:

1. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ హోల్డర్‌కి, అక్కడి నుంచి రిలే 30కి. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఉండాలి. ఫ్యూజ్‌కీ బ్యాటరీకీ మధ్య వైరు ఎక్కడైనా బాడీకి తగిలితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు.
2. రిలే 87 నుంచి లైటు ఎర్ర వైరుకు.
3. లైటు నల్ల వైరు బాడీ ఎర్త్‌కి. పెయింట్ గీకి, లగ్గు వేసి, బోల్టు బిగించాలి. స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లలో మైనస్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటుంది. అందుకే నేరుగా టెర్మినల్‌కి కాకుండా బాడీకే ఇవ్వండి.
4. రిలే 85ని ఎర్త్‌కి, 86ని స్విచ్ నుంచి వచ్చే వైరుకు. రిలే ఆఫ్ అయినప్పుడు కాయిల్ నుంచి వోల్టేజ్ కుదుపు వస్తుంది. అది బండి ఎలక్ట్రానిక్స్‌కి తగలకుండా లోపల డయోడ్ ఉన్న రిలే తీసుకోండి. దానికి 86 ప్లస్, 85 మైనస్ తప్పనిసరి.

స్విచ్‌కి ప్లస్ ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది అసలు కీలకం. రోడ్డు మీద వాడే లైటయితే నేను హై బీమ్ సిగ్నల్ నుంచే తీసుకుంటాను. హై బీమ్, స్విచ్ రెండూ ఆన్‌లో ఉంటేనే లైటు వెలుగుతుంది. ఎదురుగా బండి వచ్చినప్పుడు డిమ్ చేయగానే అదనపు లైటు కూడా తనంతట తానే ఆరిపోతుంది. రెండో స్విచ్ వెతుక్కునే పని ఉండదు.

కలిపే ముందు మల్టీమీటర్‌తో చూడండి. కొన్ని బండ్లలో హెడ్‌లైట్‌ని మైనస్ వైపు నుంచి ఆన్ చేస్తారు. కొన్ని కొత్త కార్లలో కరెంట్ వేగంగా ఆగి ఆగి వస్తుంది, దానికి రిలే టకటకా కొట్టుకుంటుంది. ఇలాంటివి కనిపిస్తే హెడ్‌లైట్ వైరు జోలికి పోవద్దు. ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంట్ వచ్చే ఫ్యూజ్ స్లాట్ నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో తీసుకోండి. వైరు కోయాల్సిన పని లేదు, రేపు తీసేస్తే బండి ఎప్పటిలా ఉంటుంది. అయితే ఇక్కడ హై బీమ్‌తో లింకు ఉండదు, డిమ్ చేసినప్పుడల్లా స్విచ్ కూడా మీరే ఆపాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్ ఫ్యూజులను మాత్రం ముట్టుకోకండి.

ఇగ్నిషన్ షరతు ఎందుకంటారా? ఇంజన్ ఆపి 120 వాట్ల బార్ వెలిగిస్తే గంటకు 10 ఆంపియర్-అవర్లు పోతాయి. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ రెండు గంటల్లో సగానికి దగ్గరపడుతుంది. రాత్రి బోరు దగ్గర బండి స్టార్ట్ కాకపోతే తొయ్యడానికి కూడా మనిషి దొరకడు.

వైరు, ఫ్యూజ్ సైజు

18 వాట్ల చిన్న లైట్లు రెండు, అంటే 36 వాట్లు: 3 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజ్, 1 చదరపు మిల్లీమీటర్ వైరు సరిపోతాయి.

120 వాట్ల బార్: 10 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజ్, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఇక్కడ సన్న వైరు ఎందుకు వద్దంటే, 4 మీటర్ల పొడవున్న 1 చదరపు మిల్లీమీటర్ రాగి వైరులో 10 ఆంపియర్లకు దాదాపు 0.7 వోల్టు పోతుంది. 2.5 వైరులో పోయేది 0.3 కన్నా తక్కువే. పోయిన ఆ వోల్టేజంతా వైరులో వేడిగా మారుతుంది.

పెట్టె మీద రాసిన వాట్లను మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఫోన్ ఛార్జర్ రివ్యూ చేసినట్టే ఇక్కడా మీటర్ పెట్టి, నిజంగా ఎన్ని ఆంపియర్లు లాగుతోందో కొలవండి. తర్వాతే ఫ్యూజ్ కొనండి. బైకులకైతే లెక్క ఇంకా బిగుతు. హెడ్‌లైట్, ఈసీయూ, ఇతరత్రా అన్నీ పోను ఛార్జింగ్ సిస్టమ్‌లో ఎంత మిగులుతుందో మాన్యువల్‌లో చూసుకునే లైటు ఎంచుకోండి.

వేడి, దుమ్ము: మా జిల్లా పరీక్ష

ఫోన్ కొనేటప్పుడు ఐపీ67, ఐపీ68 చూస్తాం కదా. అందరి చూపూ రెండో అంకె మీదే, అంటే నీళ్ల మీదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే అనంతపురంలో ముందు చూడాల్సింది మొదటి అంకె, దుమ్ముది. అక్కడ 6 ఉంటేనే తీసుకోండి. లైటుకే కాదు, కనెక్టర్‌కి కూడా. సందుల్లో చేరిన ఎర్ర దుమ్ము ఎండాకాలమంతా ఊరుకుంటుంది. సెప్టెంబర్, అక్టోబర్ వానలకు బురదై తుప్పు మొదలుపెడుతుంది.

నల్ల టేపు బదులు క్రింప్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. వైర్లను గీతల ఫ్లెక్సిబుల్ పైపులో పోనిచ్చి, సైలెన్సర్‌కి, రేడియేటర్ ఫ్యాన్‌కి దూరంగా కట్టండి. బానెట్ నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఉండాలి. లేకపోతే రేకు అంచు రోజూ కొంచెం కొంచెం వైరును కోస్తుంది.

చట్టం ఏమంటుంది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వ నిబంధన ప్రకారం రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. 2024 జూలైలో కర్ణాటక పోలీసులు కళ్లు చెదిరే ఎల్ఈడీ లైట్ల మీద ప్రత్యేకంగా కేసులు పెట్టారు. మనలో చాలామంది వారం వారం బెంగళూరు పోయొస్తాం, గుర్తుంచుకోండి.

కాబట్టి నా సలహా ఇది. రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ యాక్సెసరీగా ఇచ్చే ఫాగ్ ల్యాంపులు మొదటి ఆప్షన్. వాటి కప్లర్, రిలే, స్విచ్ ఆ బండికి సరిపోయేలా వస్తాయి. కిందగా ఉండి వెడల్పుగా వెలుగుతాయి కాబట్టి దుమ్ములో కూడా కళ్లకు తెల్లటి తెర కట్టదు. పొలం కోసం పెద్ద బార్ కావాలంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో అనుమతి గురించి అడగండి. పెట్టాక కూడా తారు రోడ్డు ఎక్కేముందు మూత వేసి, ఫ్యూజ్ తీసి జేబులో వేసుకోండి.

ఫిట్టింగ్ అయ్యాక చివరి టెస్ట్ ఒకటి. ఇంజన్ ఆన్ చేసి, లైట్లు ఇరవై నిమిషాలు వెలిగించి, ఆపండి. తర్వాత ఫ్యూజ్ హోల్డర్, రిలే, ప్రతి జాయింటూ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ జాయింట్ విప్పి మళ్లీ చెయ్యండి, ఆ రాత్రి ఆ లైటుతో బయల్దేరకండి.