నల్ల కుక్క: అక్కడ దయ్యం, ఇక్కడ సాక్షి

హ్యారీ పాటర్ మూడో భాగం చదివినవాళ్లకు ‘గ్రిమ్’ గుర్తుండే ఉంటుంది. టీ కప్పు అడుగున మిగిలిన ఆకుల్లో టీచరమ్మకు ఒక పెద్ద నల్ల కుక్క ఆకారం కనిపిస్తుంది. ఇంకేముంది, నీకు చావు రాసిపెట్టి ఉందంటుంది హ్యారీతో. ఈ కుక్కను రౌలింగ్ సొంతంగా పుట్టించలేదు. బ్రిటన్, ఐర్లండ్ పల్లెల్లో వందల ఏళ్లుగా చెప్పుకుంటున్న కథల్లోంచి తీసుకుంది.

ఆ కథలు ఒక్కొక్కటే చదువుతుంటే నాకు మా కొత్తవాడ గల్లీలు గుర్తొచ్చాయి. పగలంతా జంపఖానాలు నేసే మగ్గాల చప్పుడు. రాత్రి అది ఆగిపోయాక ఎక్కడో ఒక కుక్క మోరెత్తి ఏడుపు అందుకుంటుంది. వెంటనే ఏదో ఒక ఇంట్లోంచి “మంచిగ లేదు బిడ్డా, దాన్ని ఎళ్లగొట్టు” అనే మాట వినిపిస్తుంది. అక్కడా కుక్కే, ఇక్కడా కుక్కే. రెండు చోట్లా అది తెచ్చేది చావు కబురే. కానీ కథలు మాత్రం ఒకటి కావు. తేడా ఎక్కడుందో, దాంతో మనకేం పనో చెప్పడానికే ఈ వ్యాసం.

చర్చిలోకి వచ్చిన కుక్క

1577 ఆగస్టు 4, ఆదివారం. తూర్పు ఇంగ్లండ్‌లోని బంగే అనే ఊళ్లో జనమంతా చర్చిలో ప్రార్థన చేస్తున్నారు. బయట ఉరుములు, మెరుపులు, కుండపోత వాన. ఆ మెరుపుల నడుమ ఒక నల్ల కుక్క లోపలికి దూసుకొచ్చిందనీ, మోకాళ్ల మీద కూర్చున్న ఇద్దరి మధ్యనుంచి పోయిందనీ, వాళ్లిద్దరూ మెడలు విరిగి అక్కడికక్కడే చనిపోయారనీ అబ్రహాం ఫ్లెమింగ్ అనే రచయిత ఒక చిన్న పుస్తకం అచ్చు వేశాడు. అదే రోజు దగ్గర్లోని బ్లైత్‌బర్గ్ చర్చిలో కూడా ఇలాగే జరిగిందని రాశాడు. ఆ చర్చి తలుపు మీద కాలిన మచ్చల్ని ఇవాళ్టికీ ‘దయ్యం వేళ్ల గుర్తులు’ అని చూపిస్తారు. బంగే ఊరి చిహ్నంలో కూడా ఒక నల్ల కుక్క ఉంటుంది.

ఇంజనీరింగ్ చదివే మనకు ఇదంతా పిడుగుపాటులాగే కనిపిస్తుంది. కానీ పిడుగంటే విద్యుత్తేనని బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాలంలో, 1752లో, ప్రయోగాలు చేసి తేల్చడానికి అప్పటికింకా 175 ఏళ్లుంది. కళ్లముందే మనిషి చనిపోయాడు, కారణం తెలియదు. తెలియని కారణానికి ఒక ఆకారం కావాలి. ఆ ఊళ్లవాళ్లకు దొరికిన ఆకారం నల్ల కుక్క.

ఆ ప్రాంతంలో ఈ కుక్కను ‘బ్లాక్ షక్’ అంటారు. పాత ఇంగ్లిషులో ‘స్కుక్కా’ అంటే దయ్యం, షక్ అనే పేరు దాన్నుంచే వచ్చిందంటారు. ఉత్తర ఇంగ్లండ్‌కు పోతే దాని పేరు ‘బార్‌గెస్ట్’. ఐర్లండ్‌లో ‘పూకా’ అనే మాయావి ఉంది. అది ఒకసారి గుర్రంలా, ఒకసారి మేకలా, ఒకసారి నల్ల కుక్కలా కనిపిస్తుంది. ఈ రెండు దేశాల మధ్య సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్‌లో ‘మాడీ డూ’ అని ఒకటుంది. ఆ భాషలో ఆ పేరుకు అర్థం నల్ల కుక్క, అంతే. పీల్ కోటలో కాపలా సైనికుల గదికి అది రోజూ రాత్రి వచ్చి పొయ్యి పక్కన పడుకునేదట. ఒక రోజు తాగిన మత్తులో ఒక సైనికుడు దాని సంగతేంటో చూస్తానని ఒంటరిగా వెళ్లాడు. తిరిగొచ్చాక నోట మాట లేదు, మూడు రోజులకు చనిపోయాడు. 1731లో అచ్చయిన జార్జ్ వాల్డ్రన్ పుస్తకంలో ఈ కథ ఉంది. ఇలాంటి కథల మీదనే కోనన్ డాయిల్ 1901లో ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ మొదలుపెట్టాడు. చివరికి అది భాస్వరం పూసిన మామూలు కుక్కేనని షెర్లాక్ హోమ్స్ తేలుస్తాడు.

ఈ కథలన్నిట్లో కళ్లు నిప్పుకణికల్లా మండుతుంటాయి. దీనికి దయ్యం అక్కర్లేదు. కుక్క కంట్లో రెటీనా వెనక ‘టపీటం లూసిడమ్’ అనే అద్దంలాంటి పొర ఉంటుంది. లోపలికి పోయిన వెలుతురును అది వెనక్కి కొడుతుంది. అందుకే చీకట్లో కుక్కకు మనకంటే బాగా కనిపిస్తుంది. చేతిలో లాంతరు పట్టుకుని నడిచే మనిషికి ఎదురుగా నల్ల కుక్క వస్తే ఒళ్లు చీకట్లో కలిసిపోతుంది, రెండు కళ్లు మాత్రమే మిగులుతాయి.

ఇక్కడ ఒక విషయం మరిచిపోవద్దు. అక్కడి నల్ల కుక్కలన్నీ చెడ్డవి కావు. ‘చర్చ్ గ్రిమ్’ శ్మశానానికి కాపలాదారు. ఎథెల్ రడ్కిన్ అనే ఆవిడ లింకన్‌షైర్ పల్లెల్లో తిరిగి సేకరించిన కథలు 1938లో ‘ఫోక్‌లోర్’ పత్రికలో వచ్చాయి. వాటిలో నల్ల కుక్క ఎవరినీ ఏమీ అనదు. రాత్రిపూట ఒంటరిగా నడిచే ఆడవాళ్ల పక్కన తోడుగా నడిచి, ఇల్లు రాగానే మాయమైపోతుంది.

మన కుక్క ఏం చూస్తుంది?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన ఊళ్లలో కుక్క దయ్యమని ఎవరూ అనరు. కుక్కకు దయ్యం కనిపిస్తుందంటారు. యముడి భటులు గల్లీలోకి వస్తుంటే మనకంటే ముందు అది చూస్తుందనీ, అందుకే ఏడుస్తుందనీ నమ్మకం. అంటే అక్కడ కుక్కే దయ్యం, ఇక్కడ కుక్క సాక్షి. తేడా ఇదే.

దీని వెనక చాలా పాత కథే ఉంది. ఋగ్వేదం పదో మండలంలోని 14వ సూక్తంలో యముడి దారిని కాసే రెండు కుక్కలు కనిపిస్తాయి. ఒక్కోదానికి నాలుగు కళ్లు. అవి దేవతల కుక్క సరమ పిల్లలు. శ్యామం, శబలం అనేవి వాటి పేర్లు: ఒకటి నల్లది, ఒకటి మచ్చలది. చనిపోయినవాణ్ణి ఈ కుక్కలకే అప్పగించి క్షేమంగా తీసుకుపొమ్మని వేడుకుంటారు. అంటే అవి భయపెట్టేవే అయినా దారి చూపేవి కూడా.

మన తెలుగు భారతం కూడా కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందంటే తప్పులేదు. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ పిల్ల ఆడుకుంటూ వస్తే రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. తల్లి వచ్చి నిలదీస్తుంది. మంచీ చెడూ చూడకుండా దీనుల్ని హింసించినవాళ్లకు అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి పోతుంది. కుక్కను ‘సారమేయం’ అనడం ఈ సరమ పేరునుంచే వచ్చింది. ఇక చివర్లో, మహాప్రస్థానంలో, తమ్ముళ్లు, ద్రౌపది ఒక్కొక్కరే పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. కుక్కకు స్వర్గంలో చోటు లేదని ఇంద్రుడంటే, నన్ను నమ్మి వచ్చినదాన్ని వదిలి నేను రానంటాడు ధర్మరాజు. ఆ కుక్క ఎవరో కాదు, యమధర్మరాజే. వెంట వచ్చిన చావును ధర్మరాజు రాయితో కొట్టలేదు, తోడుగా నడవనిచ్చాడు.

కాలభైరవుడి వాహనం నల్ల కుక్క. కార్తీక బహుళ అష్టమి నాడు కుక్కలకు రొట్టెలు పెట్టేవాళ్లు మనలోనే ఉన్నారు. అదే కుక్క ఆ రాత్రి ఏడిస్తే రాయి అందుకునేవాళ్లు కూడా మనలోనే ఉన్నారు.

లెక్కకు నిలుస్తుందా?

“మొన్న ఏడ్చింది, తెల్లారేసరికి ఫలానా ముసలాయన పోయిండు. అబద్ధమా?” అని అడుగుతారు. అబద్ధం కాదు. కానీ దాన్ని ఒకసారి ప్రాబబిలిటీ క్లాసులో పెట్టి చూద్దాం.

ఊరికే అనుకుందాం. ఏడాదిలో 365 రాత్రుల్లో 200 రాత్రులు గల్లీలో కుక్కలు ఏడుస్తాయి. ఆ ఏడాది చుట్టుపక్కల నలుగురు చనిపోయారు. ఏడుపుకూ చావుకూ ఏ సంబంధమూ లేకపోయినా, ఒక్క చావైనా ఏడుపున్న రాత్రి పడే అవకాశం ఎంత? ఏడుపు లేని రాత్రి పడే అవకాశం 165/365, అంటే సుమారు 0.45. నాలుగు చావులూ అలాగే పడే అవకాశం దాని నాలుగో ఘాతం, సుమారు 0.04. అంటే కనీసం ఒక్కటైనా కలిసే అవకాశం 96 శాతం. ప్రతి గల్లీలో ప్రతి ఏడాదీ ఒక ‘రుజువు’ దొరకాల్సిందే! కుక్కలు ఏడ్చినా ఎవరూ చనిపోని రాత్రుల్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

మరి కుక్క ఎందుకు ఏడుస్తుంది? మోరెత్తి కూయడం తోడేళ్లనుంచి వచ్చిన అలవాటు. దూరంగా ఉన్న తోటి కుక్కల్ని పిలవడానికి, తన జాగాను చాటుకోవడానికి, ఒంటరిగా మిగిలినప్పుడు, నొప్పి ఉన్నప్పుడు కూస్తుంది. ఒకటి మొదలుపెడితే మిగతావి అందుకుంటాయి. అంబులెన్స్ సైరన్ విన్నా చాలా కుక్కలు గొంతు కలుపుతాయి. ఎంజీఎం ఆసుపత్రి దగ్గర్లో ఉండే మా వాడలో సైరన్లకు కొదవ లేదు. ఆ సైరన్ ఎవరి కోసం మోగుతుందో ఆలోచిస్తే, ఏడుపూ చావూ పక్కపక్కనే ఎందుకు కనిపిస్తాయో సగం అర్థమవుతుంది.

భయపడాల్సింది దేనికి?

ఇంట్లో మంచంలో ఉన్న మనిషికి బయటి ఏడుపు వినిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు ముఖాలు చూసుకుంటారు. జబ్బు మనిషి అది కూడా చూస్తాడు. ఆ చూపు చేసే నష్టం కుక్క చేయదు. ఎవరో ఒకరు లేచి రాయి విసురుతారు. దెబ్బ తిన్న కుక్క ఇంకా ఏడుస్తుంది, లేదా బెదిరి ఎదురొచ్చినవాణ్ణి కరుస్తుంది.

అసలు ప్రమాదం అక్కడుంది. 2023లో హైదరాబాద్ అంబర్‌పేటలో ఒకసారి, మన కాజీపేటలో ఒకసారి చిన్న పిల్లలు వీధికుక్కల దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇక రేబిస్ సంగతి. ప్రపంచంలో ఏటా దాదాపు 59 వేల మంది దీనివల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో మూడో వంతు మన దేశంలోనే. లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. ముందే టీకా వేసుకుంటే ఆపొచ్చు. 1885 జులైలో లూయీ పాశ్చర్ ఒక తొమ్మిదేళ్ల పిల్లాడికి టీకా ఇచ్చి బతికించినప్పటినుంచీ మనకిది తెలుసు.

అయినా కుక్క కరిస్తే కారం అద్దేవాళ్లు, పసరు పోసేవాళ్లు, మంత్రం వేయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడుస్తారనే పాత భయంతో ఆసుపత్రికి పోనివాళ్లూ ఉన్నారు. ఆ పాత టీకా మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు చేతికే వేస్తారు, కొన్ని డోసులతో అయిపోతుంది. కాటు పడగానే, చిన్న గీరుడైనా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. వెంటనే ఆసుపత్రికి పోవాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడగాలి. మధ్యలో ఆపకుండా డోసులన్నీ పూర్తిచేయాలి.

ఏడుపుకు భయపడి రాయి అందుకునే మనం, కాటును మాత్రం పసరుతో సరిపెట్టుకుంటున్నాం. తలకిందులైన ఈ లెక్కను సరిచేయడానికి బంగే ప్రజలకు అప్పట్లో వీలు లేదు, వాళ్లకు పిడుగంటే ఏంటో తెలియదు. మనకు ఏడుపు సంగతీ తెలుసు, కాటు సంగతీ తెలుసు. కాబట్టి దోస్తులూ, ఈసారి ఇంట్లో ఎవరైనా రాయి అందుకుంటే సరమ కథ చెప్పండి. ఎవరికైనా కాటు పడితే కథలేవీ చెప్పకండి, సబ్బు అందుకుని బండి తీయండి.