వరిమడిలో ఇనుము చేయు పని

దమ్ముచేసి నాట్లు వేసిన మడిలో కొన్ని వారములకు కాలు పెట్టిన రైతు ఒక సంగతిని గమనింపకపోడు. పైన ఎర్రగానున్న మట్టి అడుగున నీలిబూడిద రంగునకు తిరిగియుండును. మొక్కను పెరికి చూచినచో వేళ్లకు తుప్పువంటి పొర అంటియుండును. ఈ రెండు రంగులును ఒకే ఇనుము యొక్క రెండు రూపములు. మన అన్నములోనికి విషలోహము వచ్చుటయు, రాకుండుటయు చాలవరకు ఈ రంగుల మార్పును అనుసరించియే జరుగునన్నచో శ్రోతలకు వింతగా తోచవచ్చును.

జపాను ఈ సంగతిని మిక్కిలి బాధపడి నేర్చుకొనినది. తొయామా మండలములో జింజూ అను నది కలదు. ఎగువన కామియోకా గనిలో తుత్తునాగము, సీసము తీయుచుండిరి. గని మురుగులోని కాడ్మియము నదిలో కలిసి, కాలువల వెంట దిగువ వరిపొలములను చేరినది. ఏండ్ల తరబడి ఆ బియ్యమును తినిన వారిలో, ముఖ్యముగా పలువురు బిడ్డలను కని వయసు మళ్లిన స్త్రీలలో, మూత్రపిండములు చెడి ఎముకలు మెత్తబడినవి. దగ్గినంతనే ఎముక విరిగినవారు కలరు. "ఇటాయ్, ఇటాయ్", అనగా "నొప్పి, నొప్పి" అని వారు మూలుగుటచే వ్యాధికి ఆ మూలుగే పేరైనది. స్థానిక వైద్యుడు హగినో నొబోరు దీనికి గనియే మూలమని చెప్పినను పలువురు నమ్మలేదు. 1968లో ప్రభుత్వము కాడ్మియమే కారణమని ఒప్పుకొనినది. చెడిన పొలములను బాగుచేయు పని 2012 వరకు సాగినది.

అయితే అదే పొలములో ఒక యేడు గింజలో కాడ్మియము హెచ్చుగాను, మరియొక యేడు తక్కువగాను ఉండుటకు కారణమేమి? నీరు.

నీరు నిలిచిన మడిలో మట్టికి గాలి అందదు. మట్టిలోని సూక్ష్మజీవులు మిగిలిన ఆమ్లజనిని త్వరలోనే వాడివేసి, శ్వాసకు వేరొక ఆధారమును వెదకికొనును. నైట్రేటుల వంతు, మాంగనీసు వంతు అయిన పిదప తుప్పు వంతు వచ్చును. నీట కరగని తుప్పు కరగెడు ఇనుముగా మారును. ఎరుపు పోయి బూడిదరంగు వచ్చుట ఇందువలననే. ఆపైన గంధకపు లవణములు సల్ఫైడులగును. కాడ్మియము వానితో కలిసి, కరగని పదార్థమై మట్టిలోనే నిలిచిపోవును. మడిని ఆరగట్టినచో ఇదంతయు తలక్రిందులగును. సల్ఫైడు విడిపోవును, కరగిన ఇనుము మరల తుప్పగుచు మట్టిలో ఆమ్లమును పుట్టించును, కాడ్మియము వేళ్లకు అందును. పిలకలను అదుపు చేయుటకును, కోతయంత్రములు దిగబడకుండుటకును పొలమును ఆరగట్టుట అచటి రైతుల అలవాటు. గింజ పాలుపోసుకొను వేళ పొలము ఆరియున్నచో ముప్పు. కావుననే వెన్ను తీయుటకు మూడు వారములు ముందును, మూడు వారములు వెనుకను మడిలో నీరుండవలెనని వారికి బోధించిరి.

కథ ఇంతటితో ముగిసినచో మేము ఈ ప్రసంగమును తలపెట్టియుండము. పాషాణము, అనగా ఆర్సెనిక్కు, సరిగా ఎదురు నడచును. గాలి తగిలిన మట్టిలో అది తుప్పును అంటిపెట్టుకొని ఉండును. నీరు నిలిచి తుప్పు కరగినప్పుడు దానికి ఆశ్రయము పోవును; పైగా తానును మరింత చురుకైన రూపము దాల్చును. వరికి సిలికాను మిక్కిలి అవసరము. ఆ రూపములోని పాషాణమును సిలికానే యనుకొని వేరు తన ద్వారమున లోనికి రానిచ్చును! వేళ్లకంటిన ఎర్రని పొర కొంత విషమును పట్టియుంచును. కాండము గుండ దిగిన గాలి వేరునుండి వెలువడి, ఇనుమును తుప్పుగా మార్చుటచే ఏర్పడిన పొర అది. కాని అది సంపూర్ణమైన కవచము కాదు.

ఇట్లు నీరు పెట్టిన పాషాణము, తీసిన కాడ్మియము. రెండును ఉన్న నేలలో రైతు ఏమి చేయవలెను? నీటిని కొలిచి పెట్టుట ఒక్కటియే మార్గమన్నచో అది అతనిపై మోపరాని భారమని మా అభిప్రాయము. జపాను శాస్త్రజ్ఞులు వేరొక తోవ పట్టిరి. కోషిహికారి వరివిత్తులపై కార్బను అయానుల కిరణములను ప్రసరింపజేసి, కాడ్మియమును దాదాపు గ్రహింపని రకమును సాధించి 2012లో ప్రకటించిరి. చెడినది వేరులోని మాంగనీసు ద్వారము. కాడ్మియము దొంగతనముగా వచ్చుచుండినదియు ఆ ద్వారముననే. దానివలన పైరునకు మాంగనీసు కూడ తగ్గుననుట మరువరాదు. కాని ఇట్టి రకము వేసిన పొలములో పాషాణము తగ్గుటకై నీరు తీసినను కాడ్మియపు భయము లేదు.

వంటయింటి మాట ఒకటి. బియ్యమును శుభ్రమైన నీటిలో కడిగి, ఎసరు హెచ్చుగా పోసి గంజి వార్చినచో పాషాణము కొంత గంజితో పోవును. బి విటమినులు కూడ కొన్ని పోవుననుకొనుడు. కాడ్మియము మాత్రము గింజలో గట్టిగా నిలిచి, గంజికి అంతగా లొంగదు. దానిని పొలములోనే ఆపవలెను. ఉత్తర జపానులోని అకిత మండలము తన ప్రసిద్ధమైన అకితకొమాచి వరికి ఈ గుణమును సంకరముచే చేర్చి, 2025 పంటనుండి ఆ కొత్త విత్తనమునకు మారినది.