నిమ్మచెట్టుకు పట్టు పేనుబంక

నిమ్మ, నారింజ, బత్తాయి చెట్లు లేజిగురు వేయు తరుణమున ఆకులు ముడుచుకొని, జిడ్డుదేరి, కొన్నాళ్లకు మసి పూసినట్లు నల్లబడుట మీలో పెక్కురు చూచియే యుందురు. అట్టి ఆకును తిరుగవేసి చూడుడు. చిన్నచిన్న పురుగులు గుంపులుగా నంటియుండును. అదియే పేనుబంక. పేనువంటిది పురుగు, బంకవంటిది అది విసర్జించు తీపిజిగట. ఆ జిగటపైననే మసి పెరుగును.

ఇందలి ఆడుపురుగు మగదాని పొత్తు లేకయే పిల్లలను కనగలదు. అనుకూలకాలమున వారము పదిదినములలో ఆ పిల్లలును తల్లులగును. కావున ఉపేక్ష తగదు. అంతియకాక, కొన్ని జాతుల పేనుబంక ట్రిస్టెజా యను వైరస్ తెగులును చెట్టునుండి చెట్టునకు మోయును. 1946లో బ్రెజిల్ దేశమున మెనెఘీని యను శాస్త్రజ్ఞుడు దీనిని నిరూపించెను. ఆ తెగులు సోకిన చెట్టును బాగుచేయు మందు లేదు.

ఇక గృహచికిత్స. పురుగు కొద్దిగా నున్నప్పుడు నీటిని ఆకుల యడుగున వడిగా చిమ్మిన చాలును. హెచ్చుగా నున్నచో 50 గ్రాముల ఎండిన వేపపప్పును దంచి, గుడ్డలో మూటగట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానవేయవలెను. మరునాడు మూటను పిండి, వడగట్టి, కొంచెము సబ్బు కరగించి, ఎండ తగ్గిన పిమ్మట ఆకుల యడుగుభాగము తడియునట్లు చల్లవలెను. సబ్బు మితిమీరిన లేతాకు మాడును; ముందుగా ఒక్క కొమ్మపై చల్లి చూచుట మేలు. వేప తక్షణమే చంపునది కాదు. పురుగు మేతను చెరచి, కుబుసము విడువనీయదు. కనుక మరునాడే నిరాశపడక, వారమునకు మరల చల్లుడు.

ఇంతకంటె ముఖ్యమైనది చీమల సంగతి. తీపిజిగటకై చీమలు ఈ పురుగులను పాడిపశువులవలె కాచి, వాని శత్రువులను తరుమును. గోడను తాకు కొమ్మలను నరికి, మ్రానిచుట్టు కందెన పూసిన గుడ్డపేలిక కట్టినచో చీమలబారు ఆగును. అప్పుడు అక్షింతలపురుగు నిర్భయముగా వచ్చి పేనుబంకను భక్షించును. దాని పిల్ల తల్లిని పోలియుండదు. నల్లగా, పొడవుగా, గరుకుగా నుండి బుల్లిమొసలివలె కనబడును. మా యూర దీనిని చీడయని నలుపువారిని నేను పలుమారులు వారించితిని. తల్లికంటె ఈ పిల్లయు తక్కువ తినునది కాదు. అది కనబడిన కొమ్మపై ఏ మందును చల్లక నాలుగుదినములు వేచియుండుడు.

జిగురు వేయు దినములలో వారమున కొకమారైనను ఆకును తిరుగవేసి చూచుట మరువకుడు. పది పురుగులున్నప్పుడు నీటితో పోవునది, కొమ్మయంతయు నిండిన పిదప వేపకును లొంగుట కష్టము.