ఎకరం మొక్కజొన్న, ఎంత పెట్రోలు?

పల్నాడులో రాజుపాలెం చుట్టుపక్కల రబీ మొక్కజొన్న ఇంటికొచ్చే రోజుల్లో రోడ్డు పక్కన పట్టాలు పరిచి గింజలు ఆరబోస్తారు. రైతు ఒక గింజ నోట్లో వేసుకుని కొరుకుతాడు. కటుక్కున విరిగితే తేమ పోయినట్టు. పంటికి మెత్తగా తగిలితే మరో రెండెండలు కావాలి. ఇంతకాలం ఆ గింజకు పెద్ద గిరాకీ కోళ్ల దాణా నుంచే. ఇప్పుడు ఇథనాల్ కర్మాగారాలు పోటీకి వచ్చాయి.

మన దేశం 2003లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలుపెట్టింది. జూన్ 2022 నాటికి అది 10 శాతానికి చేరింది. 2030కి పెట్టుకున్న 20 శాతం లక్ష్యం 2025లోనే నెరవేరింది. ముడిచమురు దిగుమతి తగ్గుతుంది, రైతుకు ధర వస్తుంది, పొగలో కార్బన్ తగ్గుతుంది అన్నవి దీన్ని సమర్థించేవారి వాదనలు. మొదటి రెంటిలో నిజం ఉంది. మూడోదాన్ని ఒక్క ఎకరం లెక్కతో పరీక్షించి చూద్దాం.

ఎకరాకు 30 క్వింటాళ్లు పండిందనుకుందాం. గింజను పిండిచేసి, నీటిలో ఉడికించి, ఎంజైములతో పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తారు. ఈస్టు ఆ చక్కెరను పులియబెడుతుంది. క్వింటాలుకు దాదాపు 38 లీటర్ల చొప్పున 1,140 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అయితే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. కాబట్టి అది 760 లీటర్ల పెట్రోలుకు సమానం. అంత పెట్రోలు కాలిస్తే సుమారు 1,750 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇథనాల్ కాలినప్పుడు వచ్చేది మొక్క గాలి నుంచి తీసుకున్నదే గనుక ఆ మేరకు లాభం.

ఇక ఖర్చు వైపు. ఆ ఎకరానికి నాలుగున్నర కట్టల యూరియా వేస్తే అందులో నత్రజని దాదాపు 93 కిలోలు. దానిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుందని అంతర్జాతీయ శాస్త్రవేత్తల సాధారణ అంచనా. నూరేళ్ల కాలంలో ఆ వాయువు భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. అంటే దాదాపు 400 కిలోలు అక్కడే పోయాయి. యూరియా తయారీకి వాడిన సహజవాయువు, నీరు తోడిన మోటారు, డిస్టిలరీ బాయిలరులో మండిన ఇంధనం ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. బాయిలరులో బొగ్గు మండితే లాభం మరింత కరిగిపోతుంది. పిండి పోగా మిగిలే పశువుల దాణాకు మాత్రం కొంత విలువ కట్టి తీరాలి. విమర్శకులు చాలాసార్లు దాన్ని మరచిపోతారు.

మైలేజీ విషయానికొస్తే, పాత కార్లలో 6–7 శాతం తగ్గుదల ఉంటుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. ఆ నష్టం భరించేవాడికి బంకులో ధర తగ్గించకపోవడం నా దృష్టిలో అన్యాయం.

నీటి లెక్క ఇంకా బరువైనది. చెరకు నుంచి లీటరు ఇథనాల్‌కు 2,860 లీటర్ల నీరు కావాలని అదే నివేదిక చెప్పింది. సాగర్ కుడికాలువ కింద చివరి భూములకు ఆరుతడి పంటకే నీరు అందని ఏళ్లు చూసిన పల్నాడుకు ఈ అంకె అర్థం వేరే చెప్పనక్కర్లేదు. నవంబరు 2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాల్ కర్మాగారం వద్దంటూ జాతీయ రహదారిపై బైఠాయించారు. తమ నీరు, తమ పొలాల గురించి వారు పడ్డ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తప్పు.

తిండిగింజ మీద కాక, పంట మిగులు మీద ఆధారపడే ఇథనాల్‌నే నేను కోరుకుంటాను. హర్యానాలోని పానిపట్‌లో ఆగస్టు 2022లో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ కర్మాగారం ఏటా రెండు లక్షల టన్నుల వరిగడ్డి నుంచి మూడు కోట్ల లీటర్లు తీసేలా రూపొందింది. మన దగ్గర గడ్డికి బదులు పత్తికట్టె ఉంది. అందులో లిగ్నిన్ ఎక్కువ. ఆ గట్టి పదార్థాన్ని విడదీస్తే తప్ప లోపలి సెల్యులోజ్ ఎంజైముకు అందదు. ఆ పని చవకగా చేయగలిగేదాకా, పత్తి తీతలు అయిపోగానే పల్నాడు చేలల్లో కట్టె పీకి కుప్పలేసి నిప్పు పెడుతూనే ఉంటారు.