పది సెకన్ల స్కాన్‌కి పూటంతా ఎందుకు?

స్కానింగ్ సెంటర్లో ఎదురుచూసేవాళ్లను ఎవరిని కదిపినా ఒకటే మాట: "పొద్దున ఎనిమిదింటికి వచ్చాం, ఇంకా పిలవలేదు." లోపల సీటీ యంత్రం మాత్రం పొట్ట మొత్తాన్ని దాదాపు పది సెకన్లలో చూసేస్తుంది. మిగతా సమయం ఎటు పోతుందో తెలిస్తే సగం బెంగ తీరుతుంది. మందు ఎక్కించి తీసే పొట్ట స్కాన్ సంగతే చెబుతాను. మిగతావాటిలో తతంగం ఇంతకంటే తక్కువే.

"గుహలోకి తోసేస్తారట కదా?" అది ఎమ్మారై మాట. సీటీ యంత్రం నిలబెట్టిన పెద్ద గారెలా ఉంటుంది. మధ్యలో చిల్లు సుమారు 70 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులకు కాస్త తక్కువ. మనం పడుకున్న బల్ల అందులోంచి ముందుకూ వెనక్కూ కదులుతుంది. చుట్టూ ఎక్స్‌రే గొట్టం గిర్రున తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు అర సెకను. కీరాదోసకాయను చక్రాలుగా తరిగినట్టు, కంప్యూటర్ మన ఒంటిని ఒక్కో మిల్లీమీటరు మందాన బొమ్మలుగా తరుగుతుంది. 45 సెంటీమీటర్ల పొట్టకు 450 చక్రాలు!

మరి ఆలస్యం ఎక్కడ? మొదట రక్తపరీక్ష దగ్గర. స్కాన్‌లో ఎక్కించే మందు కిడ్నీల గుండానే బయటికి పోవాలి. కిడ్నీలు వడకట్టి పారేయాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చూస్తే వాటి ఓపిక తెలుస్తుంది. దాన్నిబట్టి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, అంటే వడపోత వేగం, 30 కంటే తక్కువుంటే మందు ఎక్కించాలా వద్దా అని డాక్టర్లు మళ్లీ ఆలోచిస్తారు. ఈమధ్యే చేయించిన రిపోర్టు ఉంటే వెంట తీసుకెళ్లండి, ఓ గంట కలిసొస్తుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. కిడ్నీల పని బాగా తగ్గినవాళ్లకు స్కాన్ రోజు నుంచి 48 గంటలు ఆపమంటారు. సొంతంగా మాత్రం ఆపకండి.

సాధారణంగా నాలుగు గంటలు ఏమీ తినొద్దంటారు. మంచినీళ్లకు చాలాచోట్ల అభ్యంతరం ఉండదు. పేగులు స్పష్టంగా కనబడాలంటే అక్కడే ఓ లీటరు దాకా ద్రవం ఇచ్చి, గంటసేపు కొద్దికొద్దిగా తాగమంటారు. పూటలో పెద్ద ముక్క తినేసేది ఇదే.

లోపలికి పిలిచాక ఆడవాళ్లకు ఎదురయ్యే చిక్కు పుస్తెలతాడు. లోహం అడ్డొస్తే బొమ్మ మీద చారలు పడతాయి కాబట్టి తీయమంటారు. మనసొప్పకపోతే వెంటనే అడగండి. పొట్ట స్కాన్‌కైతే పైకి జరిపితే సరిపోవచ్చు, ఛాతీ స్కాన్‌కి కుదరదు. గర్భం ఉందేమోనన్న అనుమానమున్నా అప్పుడే చెప్పాలి, సిగ్గుపడొద్దు.

ఇక ఆ మందు. 'డై' అంటారు గానీ రంగేమీ కాదు, అయోడిన్ కలిసిన నీళ్లలాంటి ద్రవం. ఓ చిన్న టీ గ్లాసుడు, 90 మిల్లీలీటర్లనుకోండి. సెలైన్‌లా చుక్కలు చుక్కలుగా కాదు, పంపు పెట్టి సెకనుకు 3 మిల్లీలీటర్ల చొప్పున అర నిమిషంలో ఎక్కించేస్తారు. గొంతులోంచి కింది దాకా వేడి పాకుతుంది, నోట్లో ఇనుప రుచి తగులుతుంది, మూత్రం పడిపోయిందేమోనన్న భ్రమ కలుగుతుంది. పడదు. నిమిషంలో అంతా సర్దుకుంటుంది. సూది దగ్గర మంట, దురద, ఆయాసం వస్తే మాత్రం మొహమాటపడక గట్టిగా చెప్పండి, మైకు ఉంటుంది. రొయ్యలు పడనివాళ్లకు ఈ మందు పడదన్నది అపోహే. ఇంతకుముందు ఇదే మందుకు ఒళ్లు దద్దుర్లెక్కి ఉంటే, అది దాచకూడని సంగతి.

"రేడియేషన్ మాటేమిటి?" దాన్ని మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. నేల నుంచి, ఆకాశం నుంచి ఏ స్కానూ లేకుండానే ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 తగులుతాయి. పొట్ట సీటీకి సుమారు 8, అంటే మూడేళ్ల పైచిలుకు వాటా ఒక్కసారే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లెక్క ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది: అక్కడ 2,000 మందిలో ఎలాగూ 400 మంది క్యాన్సర్‌తో పోతారు, అందరికీ 10 మిల్లీసీవర్టుల స్కాన్ తీస్తే అది 401 కావచ్చు. అవసరమైన స్కాన్‌కి వెనకాడేంత కాదు, ఊరికే 'ఓసారి చూద్దాం' అని తీయించుకునేంతా కాదు. చీటీ మీద 'ట్రిపుల్ ఫేజ్' అని ఉంటే అదే చోటును మూడుసార్లు తీస్తారు, మోతాదూ దాదాపు మూడింతలు. ఎందుకని డాక్టర్ని అడగడంలో తప్పులేదు. యంత్రం ఆగాక మాత్రం ఒంట్లో రేడియేషన్ మిగలదు. ఇంటికెళ్లి మనవణ్ని ఎత్తుకోవచ్చు.

తర్వాత ఓ అరగంట కూర్చోబెడతారు, నీళ్లు బాగా తాగమంటారు. రిపోర్టుతోపాటు సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ముల మీద కొన్ని బొమ్మలే పడతాయి, ఆ వందల చక్రాలన్నీ ఉండేది సీడీలోనే. రేపు ఆపరేషన్ చేసే డాక్టరు అదే అడుగుతాడు. టీవీ కింద పాత సినిమా సీడీల్లో మాత్రం కలిపేయకండి.