సమమైన అతుకు

మైపాడు నుండి కృష్ణపట్నము వైపు తీరము వెంబడి పోవువారికి రొయ్యల గుంటలును, వానిలో నీటిని చిలుకుచుండు ఏరేటర్లును కనిపించును. నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తగ్గును. దట్టముగా రొయ్యలున్న గుంటలో ఆ వేళ ఏరేటరు చట్రము విరిగి చక్రము నిలిచిపోయినచో, పొద్దుపొడుచునప్పటికి పంట యంతయు తేలిపోవచ్చును. చట్రము విరుగునది సాధారణముగా అతుకు వద్దనే. ఆ అతుకు వేసినది ఊరి వెల్డింగు షాపులో క్రొత్తగా చేరిన కుర్రవాడే కావచ్చును.

క్రొత్తవాని అతుకునకును మేస్త్రి అతుకునకును భేదము చూచినంతనే తెలియును. మేస్త్రి అతుకు ఒకే వెడల్పున సాగి, అల వెనుకకు పోయినపుడు తడి యిసుకపై నిలుచు ముడుతల వలె నుండును. క్రొత్తవాని అతుకు ఒకచోట ఉబ్బి, ఒకచోట సన్నగిల్లి యుండును. ఈ వరుసను షాపులలో ‘బీడ్’ అందురు. సేద్యమెరిగిన మన చెవికి సాగులేని నేల స్ఫురించినను, ఆ ఆంగ్లపదమునకు పూస యని అర్థము.

ఇది అందమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. సన్నని చోట బలము తక్కువ. అంచున ఇనుము కరిగి, నిండక గాడిగా మిగిలిన చోట ఉప్పునీరు నిలిచి త్రుప్పు మొదలగును. యంత్రపు అదురు కూడ అచ్చటనే పీడించును. లావుగా వేసినచో భయము లేదనుకొనుట మరియొక పొరపాటు. మూల అతుకునకు కాలు 6 మిల్లీమీటర్లయినచో అడ్డుకోత వైశాల్యము 18 చదరపు మిల్లీమీటర్లు. కాలు 8 అయినచో 32. బలము మూడవవంతు పెరుగుటకు లోహము ముప్పాతిక వంతుకు పైగా అధికముగా పోయవలసి వచ్చుచున్నది. ఆ అధికపు వేడికి పలుచని రేకు మెలిపడును.

రాడ్డు కొనకును ఇనుమునకును నడుమ వెలుగు మంటను ఆర్కు అందురు. అతుకు పరిమాణమును నిర్ణయించునవి ముఖ్యముగా మూడు: కరెంటు, ఆర్కు నిడివి, చేతి వేగము. కరెంటు విషయము సులభము. 3.15 మిల్లీమీటర్ల సాధారణపు రాడ్డునకు రమారమి 90 మొదలు 130 ఆంపియర్లు. పెట్టెపై ముద్రించిన అంకెలను పాటించిన చాలును. ఆర్కు నిడివి రాడ్డు తీగ లావునకు మించరాదు. ఎడమైనచో మంట విస్తరించి, లోహము చిందును.

కష్టమంతయు వేగములోనే యున్నది. రాడ్డు కాలుచు పొట్టియగుచుండును గనుక చేయి ముందునకు సాగుటతో పాటు నిరంతరము క్రిందికి దిగుచుండవలెను. ఒకేసారి రెండు కదలికలు! క్రొత్తవాడు ముందుకు పోవుట గుర్తుంచుకొని క్రిందికి దిగుట మరచును, ఆర్కు సాగును. వెంటనే దిద్దుకొనబోయి ఆగును; అచ్చట లోహము కుప్పపడును.

దీనికి ఉపాయము చూపులో నున్నది. నల్లద్దము చాటున మిలమిలలాడు ఆర్కుపైననే క్రొత్తవాని దృష్టి నిలుచును. చూడవలసినది దానిని కాదు. దాని వెనుక కరగియున్న లోహపు మడుగును. ఆ మడుగు వెడల్పే రేపటి అతుకు వెడల్పు. అది రాడ్డు లావునకు రెండు మూడు రెట్లుండునట్లు చూచుకొనుచు, వెడల్పయినచో వేగమును కొంచెము పెంచవలెను, ఇరుకైనచో తగ్గించవలెను. ఒకే వేగమున పోయినను తుదకు వచ్చునప్పటికి ఇనుము కాగియుండుటచే మడుగు విస్తరించును. కనుక గడియారమును నమ్ముటకంటె మడుగును నమ్ముట మేలు. అద్దము మసిబారినచో ఇదేదియు కనిపించదు. రాడ్డును అటునిటు ఊపుట మేస్త్రులకు శోభించునేమో గాని, తిన్నని గీత వచ్చువరకు క్రొత్తవాడు దాని జోలికి పోరాదని మా యభిప్రాయము.

అభ్యాసమునకు కొలబద్ద కూడ కలదు. ఒకే రకపు రాడ్డులో లోహము ఒకే పాటిగా నుండును. 3.15 మిల్లీమీటర్ల రాడ్డును 30 సెంటీమీటర్లు కాల్చి, చిందుటలో పదవవంతు పోయినదనుకొన్నచో, 4 మిల్లీమీటర్ల కాలుగల మూల అతుకు ఇంచుమించు 26 సెంటీమీటర్లు సాగును. 6 మిల్లీమీటర్లయినచో 12 సెంటీమీటర్లకు లోపే. కనుక సుద్దతో గీతలు గీచి, రాడ్డునకు ఎంత దూరము వచ్చినదో కొలిచి వ్రాసికొన్నచో, చేయి నెమ్మదించినదో తొందరించినదో కుర్రవానికి తానే తెలియును. ఇరువది రాడ్లు కాల్చిన పిదప ఆ కొలతలు ఒకదానికొకటి దగ్గరపడుట మొదలగును.

తీరమున చేతి తప్పు కాని తప్పులును కలవు. మధ్యాహ్నపు సముద్రపు గాలి ఆర్కును చెదరగొట్టును. సిలిండరు వాయువుతో పనిచేయు యంత్రములకైతే ఆ రక్షణ వాయువే కొట్టుకొనిపోయి అతుకులో రంధ్రములు పడును. గాలి వచ్చు వైపున ఒక పరదా కట్టవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు తేమలో తెరచియుంచిన రాడ్ల పైపూత చెమ్మగిల్లును. సాధారణపు రాడ్లు 100 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున ఆరిన చాలును. తక్కువ హైడ్రోజను రకమునకు 300 డిగ్రీలకు పైగా వేడి కావలెను. ఎండలో పరచుట ఎందుకును పనికిరాదు.

గుంటగట్టున నేర్చిన చేయి అక్కడనే ఆగవలసిన పని లేదు. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లుగల దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రము కలదు. అట్టి కేంద్రముల బాయిలరు గొట్టములను అతుకువారికి 1950 నాటి భారత బాయిలరు నిబంధనలు పరీక్షలు విధించినవి. షాపులోనే చేసికొనదగిన చిన్న పరీక్ష యొకటి కలదు. రెండు పట్టీలను ‘టి’ ఆకారమున ఒక ప్రక్క మాత్రమే అతికి, చల్లారిన పిదప అతుకు వేయని వైపునకు తెరచుకొనునట్లు సుత్తెతో వంచవలెను. విరిగినచో విరిగిన ముఖమును చూడవలెను: మూల వరకు లోహము కలిసినదా, తెట్టె చిక్కుకొన్నదా, రంధ్రములున్నవా అని. విరుగక పట్టీయే వంగినచో, ఆ కుర్రవానికి మరునాడు ఏరేటరు చట్రమును అప్పగింపవచ్చును.